పిల్లల కోసం బెంగళూరికి మకాం మార్చాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నలు ఎవరి కోసం?

మాటలు ఆలస్యమైన పిల్లలు, ఆటిజం ఉన్న పిల్లలు, చదవడం రాయడం కష్టమవుతున్న పిల్లలు ఇంట్లో ఉండి, ఉన్న ఊళ్ళో ఆసరా దొరక్క బెంగళూరు వైపు చూస్తున్న తెలుగు కుటుంబాల కోసం. ఇప్పటికే బెంగళూరులో ఉండి ఒక ఏరియా నుంచి ఇంకో ఏరియాకి మారదామనుకుంటున్న వాళ్ళకీ పనికొస్తాయి. మాది ఒంగోలు. మా పెద్దవాడికి ఆటిజం. వాడి కోసమే ఊరు మారాం. థెరపీ సెంటర్ల బయట బెంచీల మీద, పార్కుల్లో, ఫోన్లో తోటి అమ్మానాన్నలు నన్ను అడిగేవే ఇక్కడ రాశాను. ఏ థెరపీ మంచిది, ఏ మందు వాడాలి అన్న జోలికి పోలేదు. అది డాక్టర్ల పని.

అసలు మారాలా వద్దా, ఎలా తేల్చుకోవాలి?

ఉన్న ఊళ్ళో మీ పిల్లకి ఏది లేదో ఒక కాగితం మీద రాయండి. "సపోర్ట్ లేదు" అని రాస్తే చాలదు. స్పీచ్ థెరపిస్ట్ లేరు. స్కూల్లో రోజంతా కూర్చోనివ్వడం లేదు. ఆడుకోవడానికి తోటి పిల్లలు రావడం లేదు. పెళ్ళికి పిలుస్తూనే "వాడికి ఇబ్బందేమో" అని మెల్లగా సెలవిస్తున్నారు. ఇలా విడివిడిగా రాయండి. మొదటి రెండూ ఊరు మారితే తీరొచ్చు. మూడోది మీరు దిగే వీధిని బట్టి ఉంటుంది. నాలుగోది తీరదు. బంధువుల దగ్గర మన ఫోన్ నంబర్ ఉంటుంది కదా.

థెరపిస్ట్ ఒక్కటే కొరత అయితే ముందు సొంత జిల్లాలో వెతకండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో డీఈఐసీ అనే కేంద్రాలు పెట్టారు. చిన్నపిల్లల ఎదుగుదల లోపాలను తొందరగా పట్టుకుని, ఉచితంగా థెరపీ ఇవ్వడం వాటి పని. ఈ మాట చాలామందికి తెలియదు. అక్కడ కుదిరితే ఇల్లూ వాకిలీ కదిలించే అవసరమే రాకపోవచ్చు.

మారడం ఖాయమనుకున్నా, వేసవి సెలవుల్లో ఒక నెల వచ్చి ఉండి చూడండి. చుట్టాలింట్లో వద్దు. అక్కడ పిల్లలకి అంతా పండగలాగే ఉంటుంది, ఊరి సంగతి తెలీదు. మీరు దిగాలనుకుంటున్న ఏరియాలోనే ఒక గది అద్దెకి తీసుకుని, థెరపీకి వెళ్ళిరావడం, సాయంత్రం పార్కు, కూరగాయల బండి అన్నీ మీరే చేసుకోండి. నెలాఖరుకి మీకే తెలిసిపోతుంది.

బెంగళూరేనా? హైదరాబాద్, చెన్నై ఎందుకు కాదు?

ఉద్యోగం ఎక్కడుంటే అక్కడికి. చాలా ఇళ్ళలో నిజంగా తేల్చేది ఇదే. ఉద్యోగం ఎక్కడైనా దొరుకుతుందనుకుంటే, హైదరాబాద్‌లో భాష ఇబ్బంది లేదు, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం మీద పనిచేసే జాతీయ సంస్థ ఉంది. చెన్నై దగ్గర ముట్టుకాడులో బహుళ వైకల్యాలకి ఇంకో జాతీయ సంస్థ ఉంది. బెంగళూరుకి హోసూరు రోడ్డులో మానసిక ఆరోగ్యం, నరాల జబ్బులు చూసే జాతీయ సంస్థ నిమ్‌హాన్స్ ఉంది. వినికిడి, మాటలకి సంబంధించిన జాతీయ సంస్థ మైసూరులో ఉంది కాబట్టి అదీ అందుబాటులోనే. హిందూపురం, అనంతపురం, మదనపల్లె వాళ్ళకి బెంగళూరు దగ్గర కూడా. ఒంగోలు, గుంటూరు వాళ్ళకి మూడూ దూరమే. మా ఆయన ఆఫీసు ఇక్కడ ఉంది కాబట్టి మేం ఇక్కడికి వచ్చాం. అంతకు మించిన పరిశోధనేమీ చేయలేదు.

ఏ ఏరియా మంచిది?

ఎక్కువ మంది అడిగేది ఇదే. దీనికి ఒక పేరు చెప్పమంటే నేను చెప్పను.

సాధారణంగా జరిగేది ఏమిటంటే, ముందు ఆఫీసుకి దగ్గరగా ఇల్లు చూస్తారు, ఆ ఇంటికి దగ్గరగా స్కూలు చూస్తారు, ఆ పైన థెరపీ సెంటర్ ఎక్కడో దొరికితే అక్కడికి పరుగులు పెడతారు. మన పిల్లలకి ఈ వరస తిరగెయ్యాలి. ముందు మీ పిల్లతో పనిచేయగల మనిషిని వెతకండి. థెరపిస్ట్ కావచ్చు, ఇలాంటి పిల్లలకి చదువు చెప్పే స్పెషల్ ఎడ్యుకేటర్ కావచ్చు, ఓపిక ఉన్న ఒక చిన్న స్కూలు ప్రిన్సిపాల్ కావచ్చు. ఆ మనిషికి మూడు కిలోమీటర్ల లోపు ఇల్లు చూసుకోండి. ఆఫీసుకి దూరమైతే పెద్దవాళ్ళు తిరుగుతారు. గంటసేపు బస్సులో హారన్లు విని స్కూల్లో దిగిన పిల్లవాడికి మొదటి రెండు పీరియడ్లు ఏమీ ఎక్కవు. అదే దూరం మీరు వెళితే మీకు విసుగు తప్ప ఇంకేం కాదు.

మెట్రో వచ్చాక ఇది కాస్త తేలికైంది. పర్పుల్ లైన్ 2023 అక్టోబర్‌లో చల్లఘట్ట నుంచి వైట్‌ఫీల్డ్ దాకా పూర్తయింది. 2025 ఆగస్టులో ఎల్లో లైన్ ఆర్.వి. రోడ్డు నుంచి ఎలక్ట్రానిక్ సిటీ మీదుగా బొమ్మసంద్ర దాకా మొదలైంది. కాబట్టి వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం అనగానే వైట్‌ఫీల్డ్‌లోనే ఇల్లు అనుకోనక్కర్లేదు.

తెలుగువాళ్ళు ఎక్కువగా కనిపించేవి మారతహళ్ళి, మున్నేకొళాల, పణత్తూరు, బెళ్ళందూరు, వైట్‌ఫీల్డ్, కె.ఆర్. పురం, ఎలక్ట్రానిక్ సిటీ. వీటిలో దేనికైనా వెళ్ళండి గానీ, మ్యాప్‌లో కిలోమీటర్లు చూసి మోసపోవద్దు. పణత్తూరు రైల్వే అండర్‌పాస్ అవతల స్కూలు, ఇవతల ఇల్లు అయితే అది ఒక కిలోమీటరే. సాయంత్రం ఆ కిలోమీటరుకి ఎంతసేపు పడుతుందో ఒకసారి ఆటోలో కూర్చుని చూడండి. స్కూలు వదిలే వేళకి, వానపడ్డ రోజున చూస్తే ఇంకా మంచిది.

ఇల్లు చూడడానికి వెళ్ళినప్పుడు ఏం గమనించాలి?

బ్రోకరు ఆదివారం ఉదయం పదకొండింటికి రమ్మంటాడు. ఆ వేళకి కింద పిల్లలెవరూ ఉండరు. మీరు మామూలు రోజు సాయంత్రం ఐదున్నరకి వెళ్ళండి. ఫ్లాట్ పావుగంటలో చూసేసి, కింద ఉయ్యాలల దగ్గర ఒక గంట కూర్చోండి.

అక్కడ చూడాల్సినవి చాలా ఉంటాయి. పిల్లలు అసలు కిందికి వస్తున్నారా? వస్తే వయసుల వారీగా విడిపోయి ఉన్నారా, చిన్నా పెద్దా కలిసి ఆడుతున్నారా? కలిసి ఆడే చోట మనవాళ్ళకి బతుకు తేలిక. తొమ్మిదేళ్ళ పిల్లవాడు ఐదేళ్ళ వాళ్ళతో ఆడుతుంటే అక్కడ ఎవరూ వింతగా చూడరు. ఎవరైనా పిల్లవాడు కింద పడి గోల పెడితే చుట్టూ ఉన్న పెద్దవాళ్ళు ఏం చేస్తున్నారు? వాళ్ళమ్మ కోసం అటూ ఇటూ చూసి ఊరుకుంటున్నారా, తామే లేచి వెళుతున్నారా? గేటు దగ్గర సెక్యూరిటీ అతనికి పిల్లల పేర్లు తెలుసా?

మేం ఇప్పుడున్న ఇల్లు చూసిన రోజున ఉయ్యాల దగ్గర ఏడెనిమిదేళ్ళ పాప ఒకతి ఉంది. ఇంకో అబ్బాయి ఉయ్యాల దిగనంటున్నాడు. వాడికి మాటలు లేవని రెండు నిమిషాలు చూస్తే తెలిసిపోతుంది. ఆ పాప వాడి ముందుకి వచ్చి నిలబడి, వేళ్ళు చూపిస్తూ గట్టిగా ఇరవై దాకా లెక్కపెట్టింది. ఇరవై అనగానే వాడు దిగాడు. పెద్దవాళ్ళెవరూ తలెత్తి కూడా చూడలేదు, అంటే అది అక్కడ రోజూ జరిగేదే. ఫ్లాట్‌లో వంటగది ఇరుకు. అయినా అడ్వాన్స్ మాట్లాడేశాం.

దానికి ముందు చూసిన ఒక పెద్ద కమ్యూనిటీలో స్విమ్మింగ్ పూల్, స్కేటింగ్ రింక్, బాస్కెట్‌బాల్ కోర్టు అన్నీ ఉన్నాయి. గోడ మీద బోర్డు కూడా ఉంది: సైకిల్ తొక్కరాదు, బంతి ఆడరాదు, గట్టిగా అరవరాదు, అద్దెకున్నవారి అతిథులకు ప్రవేశం లేదు. బోర్డులు చదవండి. కమిటీ మనసు అక్కడ రాసి ఉంటుంది.

ఇంకొకటి, ఇది తప్పనిసరి. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి చెప్పకుండా వెళ్ళిపోయే అలవాటు ఉంటుంది, నీళ్ళంటే విపరీతమైన ఆకర్షణ ఉంటుంది. పూల్ చుట్టూ కంచె, దానికి గొళ్ళెం ఉందా? సంపు మూతకి తాళం వేస్తారా? పక్కన చెరువు ఉందా, దానికి ఫెన్సింగ్ ఉందా? బాల్కనీకి గ్రిల్ పెట్టించుకోనిస్తారా? కొన్ని అసోసియేషన్లు భవనం అందం పాడవుతుందని గ్రిల్ వద్దంటాయి. ఒప్పుకుంటారా లేదా అన్నది అగ్రిమెంట్‌కి ముందే రాతలో తీసుకోండి.

గేటెడ్ కమ్యూనిటీ మంచిదా, ఇండిపెండెంట్ ఇల్లా?

పరిగెత్తే పిల్లలకి గేటు ఉన్నదే మంచిది. అంతకన్నా నాకు పట్టింపు లేదు. ముప్ఫై నలభై ఫ్లాట్ల చిన్న అపార్ట్‌మెంట్లో అందరూ అందరికీ తెలుస్తారు. వెయ్యి ఫ్లాట్లున్న చోట అదే టవర్‌లో మూడేళ్ళు ఉన్నా లిఫ్ట్‌లో కొత్త మొహాలే. మీ పిల్ల గురించి రోజుకొకరికి మొదట్నించీ చెప్పుకోవాల్సి వస్తుంది, అది అలిసిపోయే పని.

నీళ్ళ సంగతి కూడా అడగండి. 2024 వేసవిలో తూర్పు వైపు బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల మీద బతికారు. ఆ ఏడాది అక్టోబర్‌లో కావేరి ఐదో దశ మొదలుపెట్టి, నగరంలో కలిసిన 110 పల్లెలకి నీళ్ళిచ్చే పని చేపట్టారు. మీరు చూసే భవనానికి ఆ కనెక్షన్ ఉందో లేదో కనుక్కోండి. రోజూ ఒకే వేళకి షవర్ కింద నిలబడితే తప్ప కుదుటపడని పిల్లవాడు ఇంట్లో ఉంటే, నీళ్ళు రాని రోజు ఎలా ఉంటుందో మీకు తెలుసు.

అడ్వాన్స్ పది నెలల అద్దె అడుగుతున్నారు. మామూలేనా?

బెంగళూరులో పాత ఆచారం అదే. ఇప్పుడు చాలా చోట్ల ఐదారు నెలలకి దిగొస్తున్నారు, బేరమాడండి. ఖాళీ చేసేటప్పుడు రంగులకని ఒక నెల అద్దె పట్టుకోవడం కూడా మామూలే. గోడల మీద గీసే పిల్లలుంటే అది ఇచ్చేసి ఊరుకోవడమే మనశ్శాంతి.

స్కూలు "ఇన్‌క్లూజివ్" అని రాసుకుంది. నమ్మొచ్చా?

అన్ని రకాల పిల్లల్నీ కలిపి చదివిస్తాం అన్న ఆ మాట బ్రోచర్‌లో రాయడానికి డబ్బు ఖర్చవదు. "మీకు స్పెషల్ ఎడ్యుకేటర్ ఉన్నారా?" అని అడిగితే అందరూ ఉన్నారనే అంటారు. కాబట్టి ప్రశ్న మార్చండి. ఈ ఏడాది ఆ మేడమ్ ఎంతమంది పిల్లలతో పనిచేస్తున్నారు? క్లాసులో పక్కన కూర్చుంటారా, పిల్లల్ని వేరే గదికి తీసుకెళతారా? రోజులో ఎంతసేపు? క్లాసులో పిల్లవాడి పక్కనే ఉండి సాయం చేసే షాడో టీచర్ కావాలంటే స్కూలు చూస్తుందా, మనం వెతుక్కోవాలా, జీతం ఎవరిస్తారు? పిల్లవాడు క్లాసులో ఉండలేకపోతే కాసేపు కూర్చోవడానికి నిశ్శబ్దంగా ఉండే చోటు ఉందా? ఇవి అడిగినప్పుడు కోఆర్డినేటర్ గబగబా జవాబు చెబితే మంచిది. "కేస్ టు కేస్ చూస్తాం అండి" అంటే ఇంకా మొదలవలేదని అర్థం.

స్పోర్ట్స్ డే, యాన్యువల్ డే ఫొటోలు చూపించమని అడగండి. వాటిలో మన పిల్లల్లాంటి వాళ్ళు వరసలో ఉన్నారా, పక్కన టీచర్ చెయ్యి పట్టుకుని నిలబడ్డారా, అసలు కనిపించడం లేదా? స్కూలు వదిలే వేళకి గేటు బయట నిలబడి ఇద్దరు ముగ్గురు తల్లులతో మాట్లాడండి. ఆయాలతో కూడా. మా వాడి గురించి నాకు క్లాస్ టీచర్ కన్నా ఆయమ్మే ఎక్కువ చెబుతుంది.

ఫీజు ఎక్కువ ఉన్న స్కూలు మంచిదనుకోవద్దు. ర్యాంకుల మోజు ఉన్న స్కూలు ఎంత పెద్దదైనా మన పిల్లలకి సరిపడదు. నాలుగు వీధుల అవతల, సెక్షన్‌కి పాతికమంది ఉన్న మామూలు స్కూల్లో ప్రిన్సిపాల్‌కి ఇష్టం ఉంటే పని జరుగుతుంది.

బోర్డు పరీక్షలంటే టెన్షన్ ఇప్పుడే వద్దు. సీబీఎస్ఈలో వైకల్య ధ్రువపత్రం ఉన్న పిల్లలకి అదనపు సమయం, రాసిపెట్టే సహాయకులు వంటి వెసులుబాట్లు ఉన్నాయి. స్కూలుకి రోజూ వెళ్ళడం కుదరని పిల్లలకి ఎన్ఐఓఎస్ అనే జాతీయ ఓపెన్ స్కూల్ ఉంది. అందులో పదో తరగతికి ముందే మూడు, ఐదు, ఎనిమిది తరగతులకి సమానమైన స్థాయిలు కూడా ఉన్నాయి.

రిపోర్టు చూడగానే సీటు లేదన్నారు. ఏం చేయాలి?

మాకూ జరిగింది. ఒక స్కూల్లో ఫారం తీసుకుని, ఫీజు కాగితం కూడా చేతిలో పెట్టి, ఫైల్ తెరవగానే "సెక్షన్ నిండిపోయింది" అన్నారు.

చట్టం మన వైపే ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాను 7 నుంచి 21కి పెంచింది. ఆటిజం, చదవడం రాయడంలో వచ్చే ప్రత్యేక అభ్యసన లోపాలు అందులో ఉన్నాయి. ప్రభుత్వ నిధులో గుర్తింపో ఉన్న విద్యాసంస్థలు వివక్ష లేకుండా చేర్చుకోవాలని అది చెబుతుంది. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న 6 నుంచి 18 ఏళ్ళ పిల్లలకి దగ్గర్లోని స్కూల్లో గానీ, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచితంగా చదివే హక్కు ఉంది. విద్యాహక్కు చట్టం ప్రకారం చేర్చుకునేటప్పుడు పిల్లలకి గానీ తల్లిదండ్రులకి గానీ వడపోత పరీక్షలు పెట్టకూడదు. కాదన్న మాట రాతలో ఇమ్మని అడగండి. చాలాసార్లు అక్కడే స్వరం మారుతుంది. మారకపోతే బ్లాక్ విద్యాధికారికి, రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కి రాయొచ్చు.

అయితే గొడవపడి సీటు తెచ్చుకున్న స్కూల్లో మీ పిల్లవాడు రోజుకి ఆరు గంటలు మీరు లేకుండా ఉండాలి. అది కూడా ఆలోచించుకోండి. మేం రాతలో అడిగాం, ఫిర్యాదు చేశాం, సీటు మాత్రం వేరే చోట తీసుకున్నాం.

టీసీ ఇవ్వడానికి పాత స్కూలు ఆలస్యం చేస్తోంది. చేరడం ఆగుతుందా?

ఎనిమిదో తరగతి దాకా ప్రభుత్వ, ఎయిడెడ్ స్కూళ్ళలో ఆగకూడదు. టీసీ ఆలస్యమైందని కొత్త స్కూలు చేర్చుకోవడం ఆపకూడదని విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్‌లోనే ఉంది. తొమ్మిది, పది తరగతుల మధ్యలో మాత్రం కదలకండి, బోర్డు రిజిస్ట్రేషన్ చిక్కులు వస్తాయి. ఒకటో తరగతిలో చేర్చేవాళ్ళు వయసు చూసుకోండి. కర్ణాటకలో జూన్ 1 నాటికి ఆరేళ్ళు నిండాలన్నది నిబంధన. 2025-26కి రాష్ట్ర సిలబస్ స్కూళ్ళలో ఐదేళ్ళ ఐదు నెలలకి సడలించారు గానీ ఏటా అలా జరుగుతుందని లెక్కలు వేసుకోవద్దు.

కన్నడ తప్పనిసరట. మాటలే సరిగా రాని పిల్లకి ఇంకో భాషా?

2015 కన్నడ భాషా అభ్యసన చట్టం ప్రకారం 2017-18 నుంచి ఒకటో తరగతితో మొదలుపెట్టి స్కూళ్ళన్నిటిలో కన్నడ మొదటి భాషగానో రెండో భాషగానో నేర్పాలి. భయపడాల్సినంత లేదు. తెలుగు చదవడం వచ్చిన పిల్లకి కన్నడ అక్షరాలు చాలావరకు తెలిసిన మొహాలే. రాయలేని పిల్లకి నోటితో పరీక్ష పెట్టమని స్కూలుతో మాట్లాడండి. బయట మాత్రం కన్నడ వింటూ పెరగనివ్వండి. "బేకు, బేడ, సాకు" (కావాలి, వద్దు, చాలు) అన్న మూడు మాటలు వస్తే బేకరీ దగ్గర, ఆటోలో మీ పిల్ల తన పని తాను చేసుకుంటుంది. మా వాడు "బేడ" అన్నది అందరి మీదా ప్రయోగిస్తాడు, ముఖ్యంగా నా మీద.

థెరపిస్ట్ ఇంట్లో ఇంగ్లీషు ఒక్కటే మాట్లాడమంటున్నారు. తెలుగు మానేయాలా?

మానేయకండి. నా మాట గట్టిగా చెప్పేది ఈ పేజీ మొత్తంలో ఇక్కడే.

ఈ సలహా బెంగళూరులో తరచుగా వినిపిస్తుంది. థెరపీ ఇంగ్లీషులో, స్కూలు ఇంగ్లీషులో, కాబట్టి ఇల్లు కూడా ఇంగ్లీషు చేసేస్తే పిల్లవాడికి గందరగోళం ఉండదంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ రెండు భాషలు వింటూ పెరిగే ఆటిజం పిల్లలు ఒకే భాష వినే పిల్లల కన్నా మాటల్లో వెనకబడతారని పరిశోధనల్లో తేలలేదు. ఇంట్లో తెలుగు ఆపేస్తే జరిగేది ఇంకొకటి. మనం మాట్లాడడమే తగ్గించేస్తాం. నేను ఇంగ్లీషులో "కమ్, సిట్, ఈట్" అనగలను. గారం చేయడం, కథ చెప్పడం, కోప్పడి మళ్ళీ దగ్గరికి తీసుకోవడం నాకు తెలుగులోనే వచ్చు. అమ్మమ్మ ఫోన్ చేస్తే పిల్లవాడికి ఆమె మాట అర్థం కాకుండా పోతుంది. వాడితో మాట్లాడే పది మందిలో ఇద్దరు ముగ్గురిని మనమే తీసేసినట్టు.

మీరు చేయగలిగింది ఒకటుంది. మీ పిల్ల ఇంట్లో వాడే, లేదా అర్థం చేసుకునే తెలుగు మాటలు ఒక కాగితం మీద రాసి థెరపిస్ట్‌కి ఇవ్వండి. నీళ్ళు, ఇంకా, చాలు, వద్దు, నొప్పి, బయటికి, అమ్మ ఎక్కడ. పక్కన ఉచ్చారణ ఇంగ్లీషు అక్షరాల్లో రాయండి. పిల్లవాడు "చాలు" అన్నప్పుడు అది జవాబుగా లెక్కపెట్టమని అడగండి. మంచి థెరపిస్ట్ సంతోషంగా తీసుకుంటారు. మా వాడి బొమ్మల కార్డుల మీద ఇప్పుడు కింద తెలుగు, పైన ఇంగ్లీషు ఉంటాయి. వాళ్ళ మేడమ్‌ది కేరళ. "చాలు" మాత్రం ఆవిడ మనలాగే అంటారు.

ఆంధ్రాలో తీసుకున్న సదరం సర్టిఫికెట్ ఇక్కడ చెల్లుతుందా? పింఛను?

సదరం అనే వైకల్య ధ్రువపత్రంతో పాటు యూడీఐడీ అనే వికలాంగుల గుర్తింపు కార్డు తీసుకోండి. అది దేశమంతా చెల్లుతుంది. ఊళ్ళో ఉండగానే ఆ పని పూర్తి చేసుకుని కదలడం సుఖం. చదువుకి సంబంధించిన అభ్యసన లోపాలకైతే సాధారణంగా ఎనిమిదేళ్ళు నిండాకే సర్టిఫికెట్ ఇస్తారు. ఆంధ్రాలో వికలాంగుల పింఛను 2024లో నెలకి 6,000 అయింది. ఊరు శాశ్వతంగా వదిలేశాక కూడా అది వస్తుందనుకుని ఇంటి బడ్జెట్ వేసుకోవద్దు.

నిరామయ అనే ఆరోగ్య బీమా గురించి కూడా తెలుసుకోండి. నేషనల్ ట్రస్ట్ వాళ్ళది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్ళకి లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది, థెరపీ ఖర్చులో కొంత వస్తుంది. ఊరు మారినా పోదు.

నిమ్‌హాన్స్‌కి వెళ్ళాలా, ప్రైవేటు చాలా?

రోగనిర్ధారణ మీద అనుమానం ఉంటే, మూర్ఛలు, నిద్ర, తనని తాను కొట్టుకోవడం లాంటివి ఉంటే నిమ్‌హాన్స్ పిల్లల విభాగంలో చూపించండి. రాయలసీమ నుంచి వచ్చేవాళ్ళు ఎక్కువ కాబట్టి వరసలో తెలుగు వినిపిస్తుంది. మొదటిసారి రోజంతా పడుతుంది. తిండి, నీళ్ళు, పిల్లవాడికి ఇష్టమైన బొమ్మ, చార్జర్, పాత రిపోర్టులన్నీ పట్టుకుని పొద్దున్నే వెళ్ళండి. వారం వారం థెరపీకి మాత్రం ఇంటి దగ్గరిదే నయం.

తెలుగువాళ్ళ మధ్యే ఇల్లు చూసుకోవాలా?

కొంత సుఖం, కొంత తలనొప్పి. గోంగూర దొరుకుతుంది, అర్ధరాత్రి జ్వరం వస్తే తలుపు తట్టొచ్చు. అదే సమయంలో "టీవీ ఎక్కువ చూపించారా అమ్మా?", "మా ఆడపడుచు కొడుక్కీ ఇంతే, ఐదేళ్ళకి గలగలా మాట్లాడేశాడు" అనేదీ మనవాళ్ళే. ఉగాదికి వయ్యాళికావల్‌లోని తెలుగు విజ్ఞాన సమితి దాకా వెళ్ళి వస్తే మనసుకి బాగుంటుంది. వినాయక చవితి పందిళ్ళ దగ్గర మైకుకి మాత్రం చెవులకి పెట్టే మఫ్స్ తీసుకెళ్ళండి.

మాకు దగ్గరైన వాళ్ళలో తెలుగువాళ్ళు ఒక్క కుటుంబమే. కింది అంతస్తులో ఒక కన్నడ అజ్జి, అంటే బామ్మగారు, ఉంటారు. మా వాడు సాయంత్రం ఒక్కడే మెట్లు దిగి ఆవిడ కాలింగ్ బెల్ ఒక్కసారి కొడతాడు. రెండోసారి కొట్టకూడదని ఆవిడే నేర్పారు. ఆవిడ తలుపు తీసి మన చెక్కలాంటి నిప్పట్టు ఒకటి చేతిలో పెడతారు, వాడు పైకి వచ్చేస్తాడు. ఇద్దరి మధ్యా మాటలుండవు. నా ప్రమేయం లేకుండా మా వాడికి ఉన్న స్నేహం అదొక్కటే.

రెండో పిల్ల సంగతి?

దీన్ని ఎవరూ అడగరు. నేనే రాస్తున్నాను. ఊరు మారడం అన్నయ్య కోసమని పాపకి తెలుసు. స్నేహితుల్ని, డాన్సు క్లాసుని, పుట్టినరోజుకి వచ్చే పిన్ని పిల్లల్ని వదిలేసింది. అందుకని ఈ మార్పులో ఆమె కోసం కూడా ఏదో ఒకటి ఖాయంగా ఉండాలి. ఆమె కోరుకున్న క్లాసో, ఆమె ఒక్కదాంతో మీరు గడిపే ఆదివారం పొద్దుటో. కబ్బన్ పార్కులో ఆదివారాలు కార్లు ఉండవు, అక్కడికి తీసుకెళ్ళండి. ఇద్దరినీ ఒకే స్కూల్లో వేస్తే బస్సు ఒకటే అవుతుంది, నిజమే. కానీ ఇంటర్వెల్‌లో టీచర్లు "మీ అన్నయ్య ఏడుస్తున్నాడు, రా" అని పాపనే పిలుస్తారు. అలా పిలవకూడదని చేర్చేరోజే చెప్పండి. వినకపోతే స్కూలు మార్చడమే మంచిది. ఆమె వయసు ఎనిమిది.

ఆయన ఊళ్ళో ఉండి, నేనూ పిల్లలూ బెంగళూరులో ఉంటే?

షాపు, పొలం ఉన్నవాళ్ళు ఇలా చేస్తుంటారు. కుదురుతుంది గానీ పొద్దున లేచిన దగ్గర్నుంచి ఒక్క మనిషే అవుతారు. ఎన్నాళ్ళు అన్నది ముందే తేదీ వేసుకోండి, "చూద్దాం" అని మొదలుపెట్టకండి. అత్తగారో అమ్మో వచ్చి ఉండగలిగితే సగం భారం దిగుతుంది. కాకినాడ నుంచి వచ్చే శేషాద్రి ఎక్స్‌ప్రెస్ విజయవాడ, ఒంగోలు, నెల్లూరు మీదుగా వచ్చి కృష్ణరాజపురంలో ఆగుతుంది. అక్కడ మెట్రో స్టేషన్ కూడా ఉంది కాబట్టి పెద్దవాళ్ళని సిటీ మధ్య దాకా తిప్పనక్కర్లేదు.

వచ్చాక ఎన్నాళ్ళకి కుదుటపడతారు?

మొదట్లో వెనక్కి పోయినట్టు అనిపిస్తుంది. వచ్చిన మాటలు ఆగిపోవడం, పక్క తడపడం, పాత ఇంటి తాళం పట్టుకుని తిరగడం. కొత్త థెరపీ పనిచేయడం లేదని వెంటనే సెంటర్ మార్చేయకండి. పాత దుప్పట్లు, పాత కంచం, అదే సబ్బు కొన్నాళ్ళు కొనసాగించండి. కొత్త ఫర్నిచర్ కొనాలన్న ఉత్సాహం ఆర్నెల్లు వాయిదా వేసుకోండి.

తిరిగి వెళ్ళిపోవాలనిపిస్తే?

వెళ్ళండి. వెళ్ళిన కుటుంబాలు నాకు తెలుసు. ఇక్కడ రెండేళ్ళు థెరపీ నేర్చుకుని, ఊరికి వెళ్ళి అమ్మమ్మ తాతయ్యల మధ్య బాగున్నవాళ్ళున్నారు. దానికి దారి మూసేసుకోకుండా రావడం ముఖ్యం. ఊళ్ళో ఇల్లు అమ్మకండి, అద్దెకివ్వండి. ఇక్కడి అగ్రిమెంట్ పదకొండు నెలలకి రాస్తారు, అందులో లాక్-ఇన్, అంటే ఖాళీ చేయకూడని గడువు, ఎన్ని నెలలో చూసి సంతకం పెట్టండి. ఆరు నెలలకి మించి ఒప్పుకోవద్దు. థెరపీ నోట్సు, అసెస్‌మెంట్లు ఎప్పటికప్పుడు కాపీ తీసుకోండి, సెంటర్లు మూతపడుతుంటాయి. ఆంధ్రాలో స్కూళ్ళు జూన్ రెండో వారంలో తెరుస్తారు కాబట్టి ఏప్రిల్‌లోనే టీసీకి రాసివ్వండి. ఇంటి ఓనర్‌కి నోటీసు వాట్సాప్‌లో కూడా పెట్టండి. తాళాలు ఇచ్చే రోజే అడ్వాన్స్ బ్యాంకులో పడాలని ముందే మాట్లాడుకోండి. "రంగులు వేయించాక పంపిస్తా" అంటే తాళం ఇవ్వకండి.